చారు తాగితే మూతి తుడిచే యంత్రం: రెండు వారాల డైరీ

మే 3, శనివారం

మా ఆయనకి భోజనం చివర్లో గ్లాసులో చారు పోయించుకుని తాగడం అలవాటు. తాగాక మీసం మీద మిగిలింది చొక్కా భుజానికి తుడిచేసుకోవడం ఆ అలవాటుకి తోక. పద్నాలుగేళ్లుగా చెప్తున్నా, మారలేదు, మారతారన్న ఆశ కూడా పోయింది. ఈ సెలవుల్లో మావాడి చేతిలోంచి ఫోన్ ఎలా లాగాలా అని ఆలోచిస్తుంటే ఎప్పుడో డిప్లొమా రోజుల్లో చూసిన రూబ్ గోల్డ్‌బర్గ్ అనే అమెరికా కార్టూనిస్టు గీసిన బొమ్మ గుర్తొచ్చింది. తనంతట తానే మూతి తుడిచే నాప్‌కిన్, 1931లో కోలియర్స్ పత్రికలో వచ్చింది. రెండు సమస్యలకీ ఒకటే మందు.

తెలియనివాళ్ల కోసం బొమ్మ ఇదీ: బట్స్ అనే ప్రొఫెసర్ సూప్ చెంచా నోటి దగ్గరికి ఎత్తగానే దానికి కట్టిన దారం గరిటెని లాగుతుంది, గరిటెలోని బిస్కెట్టు చిలుక ముందునుంచి ఎగురుతుంది, చిలుక దాని వెంట పడుతుంది, అది కూర్చున్న కొమ్మ ఒరిగిపోయి గింజలు చిన్న బకెట్లో పడతాయి, ఆ బరువుకి తాడు లాగబడి సిగార్ లైటర్ వెలుగుతుంది, లైటర్ తారాజువ్వని అంటిస్తుంది, జువ్వకి కట్టిన కొడవలి ఒక దారాన్ని కోస్తుంది, అప్పుడు లోలకం ఊగుతూ దానికి తగిలించిన నాప్‌కిన్‌తో గడ్డం తుడుస్తుంది. ఎ నుంచి ఎం దాకా ఒక్కో భాగానికి ఒక్కో అక్షరం. ఇదంతా ఆ పెద్దమనిషి నెత్తిమీదే ఉంటుంది. భోజనమయ్యాక నాప్‌కిన్ తీసేసి మౌత్ ఆర్గాన్ పెట్టుకుంటే అతిథులకి సంగీతం కూడా వినిపించొచ్చని కింద ఒక సలహా.

ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం అంటాం కదా, గోల్డ్‌బర్గ్ ఏళ్ల తరబడి ఆ తిప్పడాన్నే గీశాడు. అదే 1931లో వెబ్‌స్టర్ నిఘంటువు చిన్న పనిని చుట్టు తిప్పి చేసేదానికి ఆయన పేరునే విశేషణంగా ఎక్కించుకుంది.

మావాడికి చూపించాను. "అమ్మా, ఇది నిజంగా పని చేస్తుందా?" అన్నాడు. చూద్దాం అన్నాను. ఈ డైరీ అందుకే.

సాయంత్రానికి పోగేసిన సామాను: అటక మీది పాత ఇనుప ర్యాకు (కన్నాలున్న యాంగిల్స్ కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ బోల్టు వేసుకోవచ్చు), కుట్టుమిషన్ బాబిన్లు ఎనిమిది (ఇవే గిలకలు), ఒక అట్లకాడ, ఒక గరిటె, మావాడి గోళీలు, అడుగు స్కేలు, పెరుగు డబ్బా, అర కిలో తూకం రాయి. వన్‌టౌన్ వెళ్లి నట్లు, బోల్టులు, రాగి తీగ, రెండు రకాల దారం తెచ్చాను. 310 రూపాయలు అయ్యింది.

మే 4, ఆదివారం

మొదటి దెబ్బ అత్తయ్యగారి నుంచి. చెంచాకి దారం కడుతుంటే వచ్చి కాసేపు చూసి, "చారు చెంచాతో ఎవరు తాగుతారమ్మాయ్?" అన్నారు. నిజమే. మా ఇంట్లో చారన్నం చేత్తో తింటాం, చారు గ్లాసుతో తాగుతాం. నేను గుడ్డిగా అమెరికా బొమ్మ చూసి చెంచా పట్టుకున్నాను. చెంచా తీసేసి స్టీలు గ్లాసు పెట్టాం. దీనివల్ల లాభమే, చెంచా కన్నా గ్లాసు ఎక్కువ ఎత్తు లేస్తుంది, దారానికి జానెడు పైనే లాగుడు దొరుకుతుంది. గ్లాసుకి రబ్బరుబ్యాండుతో దారం కడితే జారిపోయింది, రాగి తీగతో అంచు కింద పట్టీలా చుట్టాక ఆగింది.

దారం గ్లాసు నుంచి టేబుల్ అంచు కింద బాబిన్ చుట్టూ తిరిగి, పైకి వెళ్లి గరిటె కాడకి. గరిటె కాడ కన్నంలోంచి బోల్టు. గ్లాసు ఎత్తితే కాడ కిందికి, గరిటె పైకి, అందులోని గోళీ ఎగరాలి. మావాడు గ్లాసు ఎత్తాడు, గోళీ ఎగిరి ఫ్రిజ్‌కి తగిలింది. అందరం చప్పట్లు. మా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టాం. ఆయన చారు తాగే మనిషిలా నిదానంగా ఎత్తారు, గరిటె కూడా అంతే నిదానంగా లేచింది, గోళీ కదల్లేదు. రెండోసారీ అంతే. "కొంచెం గట్టిగా గుంజండి" అంటే చారు బనీను మీద పడింది. బొమ్మలో "గరిటె ఒక్క కుదుపు కుదుపుతుంది" అని రాసేశాడు, అయిపోయింది. ఎవరైనా వేడి సూప్‌ని కుదుపుతూ తాగుతారా?

మే 7, బుధవారం

చిలుక సంగతి. మన రామచిలుకని పంజరంలో పెట్టి పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా బిస్కెట్టు విసరగానే ఎగరాలన్న ఒప్పందం ఏ చిలుకతోనూ కుదరదు. కాబట్టి షోకేసులోని కొండపల్లి చిలుకకి ఉద్యోగం ఇచ్చాం. ఆకుపచ్చ రంగు, ఎర్ర ముక్కు, బొమ్మలో ఉన్నదానికన్నా అందంగా ఉంటుంది.

దాని పని కూర్చోవడం, పడిపోవడం. స్కేలుకి మధ్యలో మేకు, ఒక చివర డబ్బా మూతలో గింజలు (ఆవాలు), రెండో చివర చిలుక. చిలుక పడిపోతే గింజల వైపు ఒరగాలి. సమస్య ఏంటంటే కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు, ఆ చెక్క బెండులాగా తేలిక. వంటింటి తూకంలో చిలుక 35 గ్రాములు, గింజలు 200. చిలుకని కూర్చోబెట్టీ పెట్టకముందే అది గాల్లోకి లేచి, ఆవాలు నేల మీదకి. మొజాయిక్ గచ్చు మీద 200 గ్రాముల ఆవాలు ఒలికితే ఎలా ఉంటుందో అనుభవించాలి తప్ప చెప్పలేను. సోఫా కింద, తలుపు సందులో, రాత్రికి నా జడలో కూడా దొరికాయి.

చిలుక అడుగున ఎమ్‌సీల్‌తో నట్లు అంటించి 240 గ్రాములు చేశాం. ఇప్పుడు బాగా కూర్చుంది. ఎంత బాగా అంటే గోళీ వచ్చి తగిలితే "ఎవరూ?" అన్నట్టు ఉండిపోయింది. నట్లు తగ్గిస్తే గింజలు లేపేస్తాయి, పెంచితే గోళీకి పడదు. పెద్ద గోళీ వేశాం, కదిలింది కానీ పడలేదు. గింజలు తగ్గిస్తే అవతల బకెట్టు లాగలేదు. ఏ ఒక్కటి సర్దినా ఇంకోటి చెడుతోంది, తొమ్మిదింటికి నాకు తలనొప్పి, మావాడికి ఏడుపు.

అప్పుడొచ్చారు మావయ్యగారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, నాలుగు రోజులుగా పేపరు చాటునుంచి చూస్తున్నారు. స్కేలుని వేలితో ఓసారి నొక్కి, "అమ్మాయ్, బస్సు బ్రేకు తొక్కితే బస్సుని ఆపేది డ్రైవరు కాలా?" అని అడిగారు. కాదు, ట్యాంకులో గాలి అన్నాను. "మరి కాలు ఏం చేస్తుంది?" వాల్వు తెరుస్తుంది. "మరి నీ గోళీతో చిలుకని ఎందుకు తోయిస్తున్నావు? వాల్వు తెరవమను చాలు."

ఇంత చదువుకుని ఇది నాకు తట్టకపోవడం సిగ్గుగానే ఉంది. ఒక మెట్టు దగ్గరున్న బలంతో తరువాతి మెట్టుని నెట్టించాలని చూస్తున్నాను. గ్లాసు బలం గరిటెకి, గరిటె బలం గోళీకి, గోళీ బలం చిలుకకి, దారి పొడుగునా రాపిడికి పోగా పోగా చివరికి మిగిలేది ఏముంటుంది? ఏ మెట్టు బలం ఆ మెట్టు దగ్గరే ముందుగా దాచి ఉండాలి, పక్క మెట్టు వచ్చి గొళ్లెం తీస్తే చాలు.

రాత్రి పదకొండింటిదాకా కూర్చుని మార్చాం. చిలుకని ముందుకి ఒరిగేలా వాలుగా నిలబెట్టి, ముక్కు కింద అగ్గిపుల్ల ఊతం పెట్టారు మావయ్యగారు. గోళీ ఇప్పుడు చిలుకని తాకక్కర్లేదు, అగ్గిపుల్లని తాకితే చాలు. ఊతం పోగానే 240 గ్రాముల చిలుక తన బరువుకి తానే ముందుకి తూలి, కింద పరిచిన దిండు మీద ముక్కు పొడుచుకుంది. గరిటెదీ అదే వైద్యం. దాన్ని ఎగరేయడం మానేసి, ఎత్తి పెట్టి, కింద ఒక మేకు ఆసరా ఇచ్చాం. గ్లాసు దారం ఆ మేకుని లాగేస్తుంది, గరిటె తనంతట తానే ఒరుగుతుంది, గోళీ నిలువునా కోసిన పీవీసీ పైపులోకి దొర్లుతుంది. ఎంత నిదానంగా చారు తాగినా ఫరవాలేదు.

మే 10, శనివారం

పొద్దున్నే ఫోన్లో ఆ బొమ్మ మళ్లీ పెద్దది చేసి చూశాను. మొన్నటిదాకా పిచ్చి బొమ్మ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే చిలుక ఆకలి చిలుకదే, ఎత్తులో ఉన్న గింజల బలం గింజలదే, తారాజువ్వ మందు జువ్వలోనే ఉంది, లోలకం ముందే పక్కకి లాగి కట్టి ఉంది. దాదాపు ప్రతి చోటా గొళ్లెం తీయడమే! అదేమీ ఊరికే రాలేదు, గోల్డ్‌బర్గ్ 1904లో బర్క్‌లీలో ఇంజినీరింగ్ పాసై శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో నీళ్లు, మురుగు పైపులు చూసే విభాగంలో కొన్ని నెలలు పని చేసి, అది వదిలేసి పత్రికలో బొమ్మలకి వెళ్లిన మనిషి. కాలేజీలో ఒక ప్రొఫెసరుగారు భూమి బరువు తూచడానికి గొట్టాలతో, గాజు సామానుతో బారోడిక్ అని ఒక బ్రహ్మాండమైన యంత్రం పెట్టారట, అది చూసి నవ్వుకున్న కుర్రాడే తర్వాత ప్రొఫెసర్ బట్స్‌ని పుట్టించాడు. మాకూ డిప్లొమాలో అలాంటి యంత్రమొకటి ఉండేది, స్విచ్చి వేస్తే ల్యాబంతా ఊగేది, రీడింగు మాత్రం సార్ రిజిస్టర్లో ముందే రాసి ఉండేది.

గోల్డ్‌బర్గ్ మోసం చేసింది ఒక్క చోటే అని నా లెక్క: లైటర్. గింజల బకెట్టు బరువుతో లైటర్ తెరుచుకుని వెలగాలి. మా గ్యాస్ పొయ్యి లైటర్‌కి లగేజీ తూచే కొక్కెం తగిలించి లాగి చూశాను, టక్కుమనడానికి రెండున్నర కిలోల పైనే కావాల్సి వచ్చింది. మా బకెట్టులో ఉన్నది 200 గ్రాములు. ఇక జువ్వ, కొడవలి మాటెత్తగానే అత్తయ్యగారు వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చారు. హాల్లో జువ్వ వెలిగించడం జరగదు, ఆ విషయంలో నేనూ ఆవిడ పక్షమే.

కాబట్టి మూడు మెట్లు కొట్టేసి ఒకటి పెట్టాం. లోలకాన్ని ఆపి ఉంచే దారం అడ్డంగా కట్టి ఉంటుంది. దాని కింద చిన్న ఉట్టి, ఉట్టిలో వెలుగుతున్న కొవ్వొత్తి. ఉట్టి తాడు రెండు బాబిన్ల మీదుగా పెరుగు డబ్బాకి. డబ్బా నిండి దిగితే ఉట్టి లేస్తుంది, మంట దారాన్ని అందుకుంటుంది. మావాడు "చీటింగ్" అన్నాడు. ఉట్టి కొట్టడం మనవాళ్ల పనే, చీటింగ్ ఏం కాదు అన్నాను.

మొదటి ప్రయత్నంలో కొవ్వొత్తి కాల్చింది ఉట్టి తాళ్లనే. దబ్బున కింద పడింది, పక్కనే నీళ్ల బకెట్టు పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. తాళ్ల బదులు రాగి తీగ. నైలాన్ దారం తెగడానికి బదులు కరిగి సాగి, బొట్లు బొట్లుగా మండుతూ కారింది, దాన్ని తీసి నూలు దారం. ఆవాలు తీసి పెసలు, ఇవి పడ్డా ఎక్కువ దూరం పరిగెత్తవు, చీపురుకి అందుతాయి. కందిపప్పు కూడా వేసి చూశాం, బద్దలు ఒకదాన్నొకటి పట్టుకుని మూతలోనే కూర్చున్నాయి.

అన్నిటికన్నా పెద్ద బాధ: కొవ్వొత్తి కోసం ఫ్యాను ఆపాలి. మే నెలలో. విజయవాడలో.

మే 11, ఆదివారం

పని తక్కువ, ముళ్లు ఎక్కువ. ఎక్కడ దారం ముడి బాబిన్ మీదికొస్తే అక్కడ ఇరుక్కుంటోంది.

ముళ్లంటే హీత్ రాబిన్సన్ గుర్తొస్తాడు. ఈయనా బొమ్మలు గీసినవాడే, లండన్ మనిషి, 1872లో పుట్టాడు, గోల్డ్‌బర్గ్ కన్నా పదకొండేళ్లు పెద్ద. ఇంగ్లండులో అడ్డదిడ్డమైన యంత్రానికి ఇప్పటికీ ఈయన పేరే. కానీ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. గోల్డ్‌బర్గ్ యంత్రం ఒక్కసారి గొళ్లెం తీస్తే దానంతట అదే పోతుంది. హీత్ రాబిన్సన్ బొమ్మల్లో తాళ్లు ముళ్ల మీద ముళ్లేసి ఉంటాయి, వాటిని లాగుతూ, చక్రాలు తిప్పుతూ, లావుపాటి బట్టతల పెద్దమనుషులు ఆఫీసు పనంత సీరియస్‌గా నిలబడి ఉంటారు. అక్కడ బలమంతా మనుషులదే. మా ఇంట్లో ఈ వారం జరిగింది చూస్తే మేము గోల్డ్‌బర్గ్ అనుకుని హీత్ రాబిన్సన్‌లోకి దిగాం: మావయ్యగారు ఒక దారం పట్టుకుని, నేను స్కేలు పట్టుకుని, మావాడు బల్ల కింద.

ఆయన పేరుతో నిజంగా ఒక యంత్రం పని చేసింది కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943లో, ఇంగ్లండులోని బ్లెచ్‌లీ పార్క్‌లో జర్మన్ల రహస్య సందేశాలు ఛేదించడానికి కట్టినదానికి, దాని మీద పని చేసిన నౌకాదళం అమ్మాయిలు పెట్టిన పేరు హీత్ రాబిన్సన్. రెండు కాగితం టేపులు గిలకల మీద జోరుగా తిరుగుతూ ఒకదానితో ఒకటి అడుగు తప్పకుండా నడవాలి. టేపులు సాగేవి, తెగేవి, అడుగు తప్పేవి. తర్వాతి ఏడాది పనిలోకి దిగిన కొలోసస్ అనే యంత్రంలో రెండో టేపునే తీసేసి, అది చేసే పని ఎలక్ట్రానిక్ వాల్వులకి (బస్సువి కాదు, పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు) అప్పగించారు. అతుకుని బాగు చేయడం కాదు, అతుకునే ఎగరగొట్టారు. నేనూ అదే చేశాను, ముడి ఉన్న దారాలన్నీ పారేసి ఒక్కోదానికి ఒక్కటే పొడుగు దారం.

మే 14, బుధవారం

ఆఫీసు, ఆలస్యం, ఏమీ చేయలేదు. మావాడు లెక్కలు వేశాడు. మా యంత్రంలో అతుకులు తొమ్మిది. ఒక్కోటి పదిసార్లలో తొమ్మిదిసార్లు పని చేస్తుందనుకుంటే మొత్తం యంత్రం వందలో 39 సార్లే పూర్తవుతుంది. కాలిక్యులేటర్‌లో 0.9ని తొమ్మిదిసార్లు గుణించి, స్క్రీన్ వంక నమ్మలేనట్టు చూశాడు. ఈ సెలవుల్లో వాడు తనంతట తాను చేసిన మొదటి లెక్క. రాసి పెట్టుకుంటున్నాను.

మే 17, శనివారం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుగులే. 24 సార్లు నడిపాం, గోడకి చార్టు అంటించి టిక్కులు. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో 1949లో రెండు ఇంజినీరింగ్ విద్యార్థి బృందాల మధ్య మొదలైన గోల్డ్‌బర్గ్ యంత్రాల పోటీ కొన్నాళ్లు ఆగి, 1983లో మళ్లీ మొదలై, 1988 నుంచి దేశమంతా పాల్గొనే పోటీ అయ్యింది. అందులో యంత్రం నడుస్తుండగా చెయ్యి పెట్టి సాయం చేస్తే మార్కులు కోస్తారు. మావాడు చార్టులో దానికో గడి గీశాడు, పేరు "చెయ్యి".

చెయ్యి లేకుండా పూర్తయినవి 5. మిగతావాటిలో ఎక్కువ పాపం అగ్గిపుల్లది, గోళీ దాని పక్కనుంచి వెళ్లిపోతోంది. పైపు చివర రెండు వైపులా చీపురుపుల్లలు అంటించి దారి ఇరుకు చేశాక కుదిరింది. మూడుసార్లు కొవ్వొత్తి ఆరింది, అందులో ఒకటి మా ఆయన నిట్టూర్పుకి.

లోలకం మీద కొంచెం ఎక్కువ టైమ్ పెట్టాను. అర మీటరు కర్ర, కింద తూకం రాయి, దానికి చుట్టిన పాత తువ్వాలు ముక్క. అర మీటరు లోలకం ఒకసారి వెళ్లి రావడానికి సుమారు 1.4 సెకన్లు. మొదటిసారి సరిగ్గా మా ఆయన ముక్కు మీద తగిలింది. తూకం రాయి మెత్తగానే తగిలిందని నేనంటాను, ఆయన ఒప్పుకోరు. రాయిని కర్ర పై చివరికి, అంటే ఇరుసుకి అవతల వైపుకి మారుద్దామంటే ఊపే పోయింది. చివరికి రాయి తీసేసి చిన్న ఇసుక సంచి కట్టి, తువ్వాలుని దానికి జానెడు బయటికి వేలాడదీశాం. ఇప్పుడు మీసానికి బట్ట మాత్రమే తగులుతుంది. మూడుసార్లు తుడిచి ఆగిపోతుంది, గడ్డం రాపిడికి ఊపు చచ్చిపోతుంది. మూడు చాలు.

మావాడు మౌత్ ఆర్గాన్ కొనమంటున్నాడు.

మే 18, ఆదివారం

అసలు పరీక్ష. అసలు చారు. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అందరం చెమటలు కక్కుతూ ర్యాకు చుట్టూ. మావయ్యగారు నీళ్ల బకెట్టు దగ్గర, మావాడు ఫోన్‌తో వీడియో (ఇవాళ్టికి పర్మిషన్), అత్తయ్యగారు దూరంగా కుర్చీలో కొంగుతో విసురుకుంటూ.

మా ఆయన గ్లాసు ఎత్తారు. మేకు ఊడింది. గరిటె ఒరిగింది, గోళీ గరగరమంటూ పైపులో దిగింది, అగ్గిపుల్ల ఎగిరింది, చిలుక తూలి దిండు మీద పడింది, స్కేలు తిరిగింది, పెసలు వానలా డబ్బాలోకి. డబ్బా దిగింది, ఉట్టి లేచింది, మంట దారాన్ని ముట్టుకుంది. దారం నల్లబడింది. ఇంకా నల్లబడింది. ఎవరం ఊపిరి తీయలేదు.

ఆయన తాగడం అయిపోయింది. గ్లాసు కింద పెట్టారు. మీసం మీద చారు చుక్కలు మెరుస్తున్నాయి, ఒక కరివేపాకు ముక్క కూడా ఉంది. "నాన్నా, కదలొద్దు!" అని మావాడు అరుస్తూనే ఉన్నాడు, ఈయన ఎడమ భుజం కొంచెం పైకి లేచింది, తల కొంచెం పక్కకి వంగింది, పద్నాలుగేళ్ల అలవాటు, చొక్కాకి తుడిచేసుకున్నారు. అప్పుడు తెగింది దారం. లోలకం ఠీవిగా వచ్చి ఆయన చెవిని మూడుసార్లు తుడిచి ఆగింది.

చెయ్యి పెట్టలేదు కాబట్టి పూర్తయినట్టేనని మావాడు టిక్కు పెట్టాడు. వీడియోలో లెక్కపెడితే గ్లాసు ఎత్తిన దగ్గర్నుంచి లోలకం కదిలేదాకా 9 సెకన్లు, అందులో దారం కాలడానికే నాలుగు. ఆయన చారు తాగి తుడుచుకోవడానికి పట్టింది ఏడు. ఇంకా సన్న దారం వేస్తే ఒక సెకను కలిసొస్తుందేమో, రెండో సెకను ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నాం. మావయ్యగారు మాత్రం యంత్రం జోలికి పోవద్దన్నారు. రేపు చారు పొయ్యి మీంచి దించగానే, పొగలు కక్కుతుండగా పోయమని అత్తయ్యగారికి చెప్పారు.